కూడియాట్టం

వీధి భాగవతం మీలో చాలామంది చూసే ఉంటారు. రాత్రి మొదలైతే తెల్లవారేదాకా ఆడతారు. కేరళలో ఒక నాటకం ఉంది. అందులో ఒక్క అంకం ఆడటానికే ఎన్నో రాత్రులు పడుతుంది. దాని పేరు కూడియాట్టం.

ఆ మాట విడదీసి చదవండి. కూడి, ఆట్టం. కూడి అంటే కలిసి. ఆట్టం అంటే ఆట. మలయాళం మాటే అయినా మన చెవికి కొత్తగా లేదు కదా!

వీళ్లు ఆడేవి పాతకాలపు సంస్కృత నాటకాలు. గుడి ఆవరణలోనే నాటకశాల ఉంటుంది. దాన్ని కూత్తంబలం అంటారు. వేదిక ముందు పెద్ద నూనె దీపం వెలుగుతుంది. వెనక మిళావు మోగుతుంది. మిళావు అంటే పెద్ద రాగి కాగు. దాని మూతికి తోలు బిగించి చేతులతో వాయిస్తారు. ఆ వాయిద్యానికి ఉపనయనం కూడా చేస్తారు!

అన్ని రాత్రులు ఎందుకు పడుతుంది? వేషగాడు నోటితో ఒక శ్లోకం చెబుతాడు. తరవాత అదే శ్లోకాన్ని చేతులతో, కళ్లతో మళ్లీ చెబుతాడు. కొండ ఎక్కాడంటే ఆ కొండ ఎంత ఎత్తో కళ్లతోనే చూపాలి. కథ మధ్యలో ఆపి, తన వెనకటి కథంతా చెప్పుకొస్తాడు.

మరి సంస్కృతం రానివాళ్ల సంగతి? విదూషకుడు మలయాళంలో అర్థం చెప్పి నవ్విస్తాడు. అసలు సంస్కృత నాటకాల్లో ఆడవాళ్లకు సంస్కృతం చాలా అరుదు. రాజు సంస్కృతంలో మాట్లాడితే, రాణి ప్రాకృతంలో జవాబు చెబుతుంది. ప్రాకృతం ఆనాటి వాడుక భాషలకు పేరు. శకుంతల మాట్లాడేదీ అదే.

మన కూచిపూడిలో వెనకటికి ఆడవేషం కూడా మగవాళ్లే కట్టేవారు. వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామ వేషానికి పేరు పొందారు. కూడియాట్టంలో అలా కాదు. మగవేషాలు చాక్యార్లవి. ఆడవేషాలు నంగ్యార్ స్త్రీలవి. కానీ పోను పోను ఆ స్త్రీలకు పక్కన కూర్చుని తాళాలు వాయించే పనే ఎక్కువగా మిగిలింది.

ఆట చూసే భాగ్యం కూడా అందరికీ లేదు. 1936 దాకా తిరువాన్కూరులో కింది కులాలని పేరు పెట్టినవాళ్లను గుళ్లోకే రానివ్వలేదు. గుళ్లకు రాబడి తగ్గాక చాక్యార్లకూ బతుకు గడవలేదు. అప్పుడు పైంకుళం రామ చాక్యార్, మాణి మాధవ చాక్యార్ వంటివాళ్లు ఆటను గుడి దాటించారు. అపచారమని కోప్పడ్డవాళ్లు ఉన్నారు. అయినా ఆగలేదు. 1965లో కేరళ కళామండలంలో కూడియాట్టం నేర్పడం మొదలైంది. ఆ కులాల్లో పుట్టని ఆడపిల్లలు కూడా తరవాత అక్కడ చేరారు. 2001లో యునెస్కో ఈ కళను ప్రపంచమంతా కాపాడుకోవలసిన సంపదగా ప్రకటించింది.

నంగ్యార్ కూత్తు అని ఇంకొక ఆట ఉంది. అది సుభద్రాధనంజయం నాటకంలోంచి పుట్టింది. అందులో సుభద్రకు ఒక దాసి ఉంది. ఆమెది చిన్న వేషం. ఆ దాసి చెప్పే కృష్ణుడి కథే పెరిగి పెద్ద ఆట అయింది. ఆడేది ఒకే ఒక్క స్త్రీ. కంసుడూ ఆమే, దేవకీ ఆమే, యశోదా ఆమే. పక్కన ఇంకొక స్త్రీ కూర్చుని తాళం వేస్తుంది.

మీ ఊళ్లో నాటకాలు ఆడేవారా? ఆడవేషాలు ఎవరు కట్టేవారు? పెద్దవాళ్లను అడిగి నాలుగు వాక్యాలు రాయండి.