సముద్రంలో ఈదే నత్తలు – మన నాపరాయి

వానాకాలంలో మన కరణ్‌కోట పొలం గట్ల మీద నత్తలు పాకుతూ కనిపిస్తాయి. అయితే జీవితంలో ఒక్కసారి కూడా నేలను తాకకుండా, నడి సముద్రంలోనే ఈదుతూ బతికే నత్తలు కూడా ఉన్నాయి. వాటి గురించి మేము తెలుసుకున్న విషయాలను ఈ వార్షికోత్సవ సంచిక ద్వారా మీకు తెలియజేస్తున్నాం.

సముద్రపు సీతాకోకచిలుకలు: వీటిని శాస్త్రవేత్తలు టెరోపాడ్లు అంటారు. గ్రీకు భాషలో 'రెక్కల పాదం' అని అర్థం. మామూలు నత్త పాకే పాదమే వీటిలో రెండు రెక్కలుగా మారింది. వీటిలో చాలావాటి పరిమాణం కొన్ని మిల్లీమీటర్లే. ఇవి జిగురు వలను పరచి, అందులో చిక్కిన సూక్ష్మజీవులను తింటాయి. రాత్రి పైకి వచ్చి, పగలు లోతుకు దిగుతాయి. చేపలకు, పక్షులకు, తిమింగలాలకు ఇవి ఆహారం.

సముద్రపు దేవదూతలు: వీటికి పుట్టినప్పుడు గుల్ల ఉన్నా పెరిగాక ఉండదు. పేరు దేవదూతే గాని, పని వేటగాడిది. క్లయోన్ అనే రకం సీతాకోకచిలుకలనే పట్టి తింటుంది.

నీలి డ్రాగన్: పేరు గ్లాకస్ అట్లాంటికస్. పొడవు సుమారు 3 సెంటీమీటర్లు. గాలి బుడగను మింగి, నీటిపై వెల్లకిలా తేలుతుంది. విషపు తీగలున్న పోర్చుగీస్ మేన్ ఆఫ్ వార్‌ను తిని, ఆ విషకణాలను తన ఒంట్లో దాచుకుంటుంది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను తర్వాత చెన్నై బీసెంట్ నగర్ ఒడ్డున ఇవి కనిపించాయి. ఎంత అందంగా ఉన్నా చేత్తో ముట్టుకోరాదు.

మనకేమి సంబంధం?: టెరోపాడ్ల గుల్ల, మన తాండూరు నాపరాయి రెండింటిలోనూ ముఖ్య పదార్థం కాల్షియం కార్బొనేటే. మన రాయి కూడా ఒకప్పటి సముద్రపు అడుగే. కానీ అది 50 కోట్ల సంవత్సరాలకు పైబడినది. టెరోపాడ్లు ఎంతో తర్వాత పుట్టాయి కాబట్టి వాటి గుల్లలు మన బండల్లో దొరకవు.

నాపరాయి పొడిపై నిమ్మరసం పిండి చూడండి, బుడగలు వస్తాయి. ఆమ్లానికి కాల్షియం కార్బొనేట్ కరుగుతుంది. సిమెంటు కోసం 100 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయిని కాలిస్తే 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. బొగ్గు, పెట్రోలు పొగ దీనికి అదనం. మనుషులు వదిలే ఈ వాయువులో దాదాపు నాలుగో వంతును సముద్రం పీల్చుకుంటుంది. అందువల్ల సముద్రపు పైనీటి పి.హెచ్. 8.2 నుండి 8.1కి తగ్గింది. అంకె చిన్నదే అయినా ఆమ్లత్వం సుమారు 30 శాతం పెరిగినట్లు లెక్క. దక్షిణ మహాసముద్రంలో 2008లో సేకరించిన టెరోపాడ్ల గుల్లలు కరుగుతున్నట్లు శాస్త్రవేత్తలు 2012లో ప్రకటించారు.

గనులు, సిమెంటు ఫ్యాక్టరీ మన ప్రాంతంలో ఎన్నో ఇళ్లకు అన్నం పెడుతున్నాయి. వాటిని మూసేయాలని మేము అనడం లేదు. థర్మల్ కేంద్రాల బూడిదను సిమెంటులో కలిపితే కాల్చే రాయి తగ్గుతుంది, వాయువూ తగ్గుతుంది. ఇంతకంటే మంచి దారి కనిపెట్టే పని ఇంకా మిగిలి ఉంది. సోదర విద్యార్థులారా! ఆ రాయి మధ్యనే పుట్టి పెరిగిన మనకంటే ఆ పనికి తగినవారెవరు? రసాయన శాస్త్రం పాఠాన్ని మార్కుల కోసమే చదవకండి.