“కన్నుకు ఫోకస్ రాలే తమ్మీ!”

నైట్ షిఫ్టు దిగి ఇంటికొచ్చేవాళ్లకు శ్రీరాంపూర్‌లో ఒక సౌకర్యం ఉంది. మంచు ఆరకముందే క్వార్టర్ల పక్క గడ్డిలో తూనీగలు, మిడతలు కనిపిస్తాయి. పొద్దుటి చలికి కదలకుండా కూర్చుంటాయి కాబట్టి, ఫోన్‌కు క్లిప్ లెన్స్ తగిలించుకున్నవాడికి కూడా ఫోటో పడుతుంది. చిక్కంతా ఆ తర్వాతే. టీ తాగుతూ దాన్ని నలుగురికి చూపిస్తే ముగ్గురు “సూపర్ అన్నా” అంటారు. నాలుగోవాడు “ఏమున్నదిల, పురుగే గదా” అంటాడు. ఈ రెండు మాటల్లో దేనివల్లా రేపటి ఫోటో బాగుపడదు.

పొగడ్త కూడా పనికిరాదంటే చాలామందికి నచ్చదు. 1996లో క్లూగర్, డినిసి అనే ఇద్దరు పరిశోధకులు ఫీడ్‌బ్యాక్ మీద అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను ఒకచోట చేర్చి చూశారు. మొత్తం మీద మేలే కనిపించింది. కానీ మూడోవంతుకు పైగా సందర్భాల్లో ఫీడ్‌బ్యాక్ విన్నాక పని మరింత దిగజారింది! దృష్టి పని మీంచి మనిషి మీదకు మళ్లేకొద్దీ ఫలితం తగ్గుతుందని వాళ్లు వివరించారు. “నీకు చేతగాదు” మనిషి మీద మాట. “నువ్వు తోపు అన్నా” కూడా మనిషి మీద మాటే. తీయగా ఉంటుంది, అంతే తేడా.

మరి ఎలా చెప్పాలి? ఆర్కే, ఎస్సార్పీ బొగ్గు గనులున్న శ్రీరాంపూర్‌లో ఇది కొత్తగా నేర్పాల్సిన విద్య కాదు. మైనింగ్ సర్దార్ గని పైకప్పును తట్టి చూస్తాడు. గట్టిగా ఉంటే ఖంగుమంటుంది, వదులైతే డొల్లగా మోగుతుంది. డొల్లగా మోగినప్పుడు “ఈ గని బాగలేదు” అనేసి వెళ్లిపోడు. ఏ లెవెల్లో, ఏ డిప్‌లో, ఏ మూల అన్నది చెబుతాడు. అక్కడ ఏం చేయాలో చెబుతాడు. రిపోర్టులో రాస్తాడు. అక్కడ పనిచేసే మనిషి “నా మీద కోపంతోటి అన్నడు” అనుకోడు. ఫోటో గురించి చెప్పేటప్పుడూ అదే పద్ధతి: ఎక్కడ, ఏమైంది, ఏం చేస్తే పోతుంది.

ఆరుద్ర పురుగు ఫోటో ఒకటి మీ ముందుకొచ్చిందనుకోండి. తొలకరి పడగానే తడినేల మీద తిరిగే ఆ ఎర్రటి జీవిని తీయని ఫోన్ ఉండదు. తీసినవాళ్లలో చాలామందికి వచ్చేది మాత్రం ఒక ఎర్రటి ముద్ద. దాని అందమంతా ఒంటి మీది నూగులో ఉంది. ఎండ నేరుగా పడితే, వెలుగు కాస్త ఎక్కువైతే, ఎరుపు రంగు పొంగిపోయి నూగంతా అందులో కలిసిపోతుంది. “రంగు బాగలేదు” అంటే తీసిన కుర్రాడికి ఏం అర్థమవుతుంది? “వీపు మీద నూగు కనిపిస్తలేదు తమ్మీ. ఎక్స్‌పోజర్ జర తగ్గించు. ఎండకు అడ్డంగా ట్రేసింగ్ పేపర్ పట్టి చూడు” అనండి. రేపు పొద్దున చేయడానికి వాడికి ఒక పని దొరికింది. పనిలో పనిగా, అది అసలు కీటకమే కాదని, ఎనిమిది కాళ్లుంటాయని, సాలీళ్ల బంధువని చెప్పొచ్చు. అయితే అది రెండో మాటగానే చెప్పాలి. ఫోటో చూపించినవాడికి ముందు జంతుశాస్త్రం పాఠం మొదలుపెట్టే పెద్దమనుషులుంటారు, వాళ్లకు ఎవరూ మళ్లీ ఫోటో చూపించరు.

చెప్పేముందు ఒక ప్రశ్న తప్పకుండా అడగాలి: “ఎట్ల తీసినవ్?” అసలు సైజులో తీసేంత దగ్గరికి వెళితే ఫోకస్‌లో ఉండేది ఒక మిల్లీమీటరు అటూ ఇటూ మాత్రమే. కళ్లు స్పష్టంగా వస్తే తోక మసకబారడం మామూలే. అది తప్పు కాదు. కళ్లు మసకగా ఉండి తోక స్పష్టంగా వస్తే అప్పుడు చెప్పండి. ఇంకో సంగతి. బ్రిటన్ ఫోటోగ్రాఫర్ లెవాన్ బిస్ 2016లో ఆక్స్‌ఫర్డ్ మ్యూజియంలో పెట్టిన కీటకాల చిత్రాల్లో ఒక్కోటీ వేలాది షాట్లను కలిపి తయారైంది. అదీ మ్యూజియంలో భద్రపరిచిన, ప్రాణం లేని కీటకాలతో. డ్యూటీ దిగి వచ్చినవాడి క్లిప్ లెన్స్‌ను దానితో పోల్చి పెదవి విరవడం అన్యాయం. “ఎట్ల తీసినవ్?” అంటే ఇంకో నిజం కూడా బయటపడుతుంది. కదలకుండా ఉండాలని పురుగును ఫ్రిజ్‌లో పెట్టినవాళ్లుంటారు. అక్కడ మొహమాటం అక్కర్లేదు, వద్దని చెప్పేయాలి.

ఇక వినేవాళ్ల సంగతి. చెప్పడం కంటే ఇదే కష్టం. ఎదుటివాడు నోరు తెరవగానే “అప్పుడు గాలి కొట్టింది”, “ఫోన్ పాతది” అని అడ్డుపడతాం. అవి నిజమే కావచ్చు. అయినా మాట పూర్తయ్యేదాకా ఆగండి. తర్వాత వాదించకండి, వేలు పెట్టి చూపించమనండి. ఫోటోను పెద్దది చేసి “ఎక్కడ?” అంటే ఊరికే అన్నవాడు జారుకుంటాడు, చూసి అన్నవాడు చోటు చూపిస్తాడు. ఎవరి మాట పట్టించుకోవాలో అక్కడే తేలిపోతుంది.

విన్న ప్రతి సలహా పాటించక్కర్లేదు కూడా. బొగ్గు లారీలు తిరిగే రోడ్డు పక్క ఆకు మీద తూనీగ వాలింది. ఆకు నిండా నల్లదుమ్ము. “ఎడిటింగ్‌ల ఆ దుమ్ము తుడిచెయ్, మస్తుంటది” అంటాడొకడు. గోడకు తగిలించుకునే ఫోటో అయితే మీ ఇష్టం. పోటీకి ప్రకృతి విభాగంలో పంపేదైతే మాత్రం కుదరదు. అంతర్జాతీయ ఫోటోగ్రఫీ సమాఖ్య ఫియాప్, అమెరికా ఫోటోగ్రఫీ సొసైటీ పీఎస్ఏ, బ్రిటన్ రాయల్ ఫోటోగ్రాఫిక్ సొసైటీ కలిసి ఒప్పుకున్న ప్రకృతి ఫోటో నిర్వచనం 2015లో అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం కెమెరా సెన్సర్ మీది దుమ్ము వల్ల పడ్డ మచ్చ తీసేయొచ్చు. దృశ్యంలో ఉన్నదాన్ని మాత్రం చెరపకూడదు, కొత్తది చేర్చకూడదు. పైగా ఆ దుమ్ము లేకపోతే అది శ్రీరాంపూర్ తూనీగ అని ఎలా తెలుస్తుంది? సలహా ఇచ్చినవాడికి థాంక్స్ చెప్పి, దుమ్మును అలాగే ఉంచండి.

పాటించిన సలహా ఉంటే మాత్రం, మళ్లీ తీసిన ఫోటోను ముందు ఆ మనిషికే చూపించండి. చాలామంది ఈ పని చేయరు. చెప్పినవాడికి తన మాట ఏమైందో తెలియదు, మరోసారి చెప్పబుద్ధి కాదు. “నువ్వన్నట్టు కంటికి ఫోకస్ పెట్టిన, చూడన్నా” అంటూ ఫోన్ చేతికివ్వండి. అతను ఫోటోను పెద్దది చేసి, కళ్లు చూసి, తలూపి, వెంటనే “కన్ను మంచిగొచ్చింది గని రెక్క చివర కట్ అయింది తమ్మీ” అంటాడు.