పాతికేళ్ల సర్వీసు, మళ్లీ పరీక్ష

టెట్ లేకుండా చేరిన సీనియర్ ఎస్‌జీటీని ఎవరిని కదిపినా ఇప్పుడు అదే గుబులు. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, రిటైర్మెంటుకు ఐదేళ్లకు పైగా ఉన్నవాళ్లు రెండేళ్లలో టెట్ పాసవ్వాలి. ఐదేళ్లలోపు ఉన్నవాళ్ల ఉద్యోగానికి ఢోకా లేదు కానీ, ప్రమోషన్ కావాలంటే వాళ్లూ రాయాల్సిందే. ‘మరి ఇన్నేళ్లు చెప్పిన చదువు ఏమైనట్టు?’ అన్న బాధ న్యాయమైనదే. ఆ మాట సంఘంలో గట్టిగా అనండి. అది తేలేదాకా పుస్తకం మాత్రం మూసి పెట్టకండి.

చదవడానికి తోడెవరంటే, మీ మండలానికి కొత్తగా వచ్చిన టీచరు. తెలంగాణలో 2024లో, ఆంధ్రప్రదేశ్‌లో 2025లో డీఎస్సీ ద్వారా వేలమంది చేరారు. వాళ్లకు టెట్ నిన్నమొన్నటి సంగతి. 150 ప్రశ్నలు, రెండున్నర గంటలు, అందులో శిశు వికాసం, బోధనా పద్ధతుల మీదే 30 ప్రశ్నలు. ట్రైనింగ్ రోజుల్లో విని మీరు మరిచిపోయిన పియాజే, వైగాట్‌స్కీ వాళ్లకు నోటికొచ్చు. రెండు మూడు తరగతుల్ని ఒకే గదిలో కూర్చోబెట్టి, ఒకరికి లెక్క ఇచ్చి, ఇంకొకరి చేత చదివించడం మాత్రం రాదు. అది ఏ కోచింగ్ సెంటర్లోనూ చెప్పరు. శనివారం బడి వదిలాక ఒక గంట కూర్చోండి. అరగంట వాళ్లు మీకు చెప్తారు, అరగంట మీరు వాళ్లకు. చిన్నవాళ్ల దగ్గర నేర్చుకోవడం నామోషీ అనిపిస్తే, ముందు మీ అరగంటతో మొదలెట్టండి.

ఈ ఏర్పాటు పరీక్షకే కాదు, మనసుకూ పనికొస్తుంది. సెప్టెంబరు 5న కప్పిన శాలువా వేడి ఆ సాయంత్రానికే చల్లారుతుంది. ‘ఆ పిల్లాడికి తీసివేత ఎలా ఎక్కించారు సార్?’ అని తోటి టీచరు అడిగిన ప్రశ్న వారమంతా నడిపిస్తుంది. స్టాఫ్‌రూమ్‌లో మనల్ని అలా అడిగేవాళ్లు తక్కువ. యాప్‌లనూ ఫొటో అప్‌లోడ్‌లనూ తిట్టుకోవడంతోనే ఇంటర్వెల్ అయిపోతుంది. (తిట్టుకోవద్దని కాదు, కాస్త టైము మిగల్చమని.)

కాంప్లెక్స్ మీటింగులోనూ ఒక పావుగంట ముందే అడిగి పెట్టుకోండి. బాగా కుదిరిన పాఠం కాకుండా, పిల్లలు తప్పులు చేసిన నోటుపుస్తకం పట్టుకెళ్లండి. కుదిరిన పాఠానికి చప్పట్లు కొట్టి ఊరుకుంటారు. తప్పులు చూస్తే ఎవరో ఒకరు ‘మా దగ్గరా ఇదే’ అని నోరు విప్పుతారు.

నిద్ర పట్టకపోవడం, బడి గేటు చూడగానే గుండె దడదడలాడటం వారాల తరబడి ఉంటే తోటివాళ్ల మాట చాలదు. టెలీ మానస్ నంబరు 14416 ఉచితం, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు. డాక్టరు విశ్రాంతి తీసుకోమంటే సెలవు పెట్టడానికి సంకోచించకండి. ఏడాదికి 20 చొప్పున హాఫ్ పే లీవులు మీ ఖాతాలో చేరుతూనే ఉన్నాయి. మెడికల్ సర్టిఫికెట్ పెడితే వాటిని కమ్యూట్ చేసి పూర్తి జీతంతో వాడుకోవచ్చు, రోజుకు రెండు చొప్పున తగ్గుతాయి. ఎన్ని మిగిలాయో ఈ వారమే సర్వీసు రిజిస్టరు తీయించి చూసుకోండి.