స్వగతాలు తెరకెక్కేదెలా?

ప్రశ్న: ‘మాక్బెత్’ నాటకాన్ని సినిమా స్క్రిప్టుగా రాస్తున్నాను. చదివినవాళ్లు డైలాగులు బాగున్నాయి గానీ సినిమాలా లేదంటున్నారు. ఏం చేయాలి?
– ఓ పాఠకుడు, విజయవాడ

జవాబు: లోపం మీ డైలాగుల్లో లేదు. వేదిక మీద మాక్బెత్ భయం, ఆశ చాలావరకు స్వగతాల్లోనే తెలుస్తాయి. డంకన్ రాజు హత్య కూడా ప్రేక్షకుల కళ్ల ముందు జరగదు. కెమెరా ముందు ఆ మాటల్ని అలాగే ఉంచితే కథ ఆగిపోతుంది.

ప్రతి స్వగతం కథలో ఏ పని చేస్తోందో పక్కన ఒక్క వాక్యంలో రాసుకోండి. తర్వాత మాటలు కొట్టేసి, అదే పనిని చూపుతో, చేతతో, శబ్దంతో చేయించి చూడండి. జపాన్ దర్శకుడు కురొసావా ఇదే నాటకం ఆధారంగా తీసిన ‘థ్రోన్ ఆఫ్ బ్లడ్’ (1957)లో షేక్‌స్పియర్ పంక్తుల్ని వదిలేసి కథను పాతకాలపు జపాన్‌కు తరలించారు. అక్కడ నాయకుడు సొంత సైనికుల బాణాలకే కూలిపోతాడు.

మీకు ఇంకా దగ్గరగా పనికొచ్చేది దర్శకుడు విశాల్ భరద్వాజ్ తీసిన ‘మక్బూల్’ (2003). మాక్బెత్ కథ ముంబై మాఫియాలోకి వచ్చేసరికి మంత్రగత్తెలు జాతకాలు చెప్పే ఇద్దరు పోలీసులయ్యారు. లేడీ మాక్బెత్ స్థానంలో ఉన్న నిమ్మీ ముసలి డాన్ దగ్గర ఉంటూ మక్బూల్‌ని ప్రేమిస్తుంది. ఈ ఒక్క మార్పుతో అధికార దాహానికి ప్రేమా అసూయా తోడయ్యాయి. డాన్ హత్యకు కారణం ఎవరూ వివరించాల్సిన పనే లేదు.

ఎన్ని మార్పులు చేసినా నాయకుడి పతనాన్ని మాత్రం మెత్తబరచకండి.

షేక్‌స్పియర్ మూలానికి అనుమతి అక్కర్లేదు. తెలుగు అనువాదంలోని మాటలు వాడుకుంటే వేరే సంగతి: మన చట్టం ప్రకారం అనువాదకుడు మరణించాక 60 ఏళ్ల వరకు హక్కులుంటాయి. అలాంటప్పుడు నిర్మాతకు కథ వినిపించకముందే కాపీరైట్ తెలిసిన న్యాయవాదిని కలవండి. తిరగరాసినా సీన్లు కదలకపోతే అనుభవమున్న స్క్రీన్‌ప్లే రచయితతో కూర్చుని స్క్రిప్టు మొత్తం చదివించండి.