బ్యారన్‌కు బొగ్గా, కట్టెలా?

చలి దేశాల్లో ఇల్లు వెచ్చగా ఉండటానికి బొగ్గు కాలుస్తారు. సింగరాయకొండ వైపు మనకా బాధ లేదు. ఇక్కడ రాత్రింబవళ్ళు వేడి నిలపాల్సిన గది వర్జీనియా పొగాకు బ్యారన్. ఆకు పండబెట్టేటప్పుడు 35 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర మొదలుపెట్టి, ఈనె ఆరే నాటికి 70 డిగ్రీల దాకా తీసుకెళ్ళాలి. కట్టెల ధర పెరిగినప్పుడల్లా "బొగ్గు తెప్పిస్తే పోలా?" అన్న ఆలోచన వస్తుంది.

లెక్క చూద్దాం. మధ్యరకం బొగ్గు కిలోకు సుమారు 4,500 కిలో కేలరీల వేడి ఇస్తుంది. బాగా ఎండిన సరుగుడు, సుబాబుల్ కట్టె 3,500 ఇస్తుంది. పచ్చి కట్టె 2,000 కూడా ఇవ్వదు, దాని బరువులో సగం నీరే. కాబట్టి కొత్తగూడెం నుంచి లారీ కిరాయి, దింపుడు కూలి కలుపుకుని టన్ను బొగ్గు ధర, టన్ను ఎండు కట్టెల ధరకు ఒకటింపావు రెట్లు దాటితే గిట్టదు. పొయ్యిలో ఇనుప జల్లెడ వేయించే ఖర్చు వేరే.

కట్టెలు మూడు నెలల ముందే కొని, చీల్చి, గాలి ఆడేలా పేర్చండి. గొట్టాల అతుకులు మెత్తించండి. పొగ లోపలికొస్తే ఆకు గ్రేడు పడిపోతుంది.

కాపలాకు పడుకునేవారు నిప్పుల కుంపటి గదిలో పెట్టుకుని తలుపు మూయవద్దు. అది బొగ్గుదైనా, కట్టెదైనా సరే. అందులోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగు, వాసన ఉండవు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.