మెల్లగా మాట్లాడే పాప కూడా వినిపించాలంటే...



పోయిన వార్షికోత్సవంలో ఇద్దరు పిల్లలు ఒకే మైకులో సంభాషణ చెప్పారు. బాబు గొంతు గేటు దాకా వినిపించింది. పాప పెదవులు కదలడం మాత్రమే కనిపించింది. కార్యక్రమం అయ్యాక పాప వాళ్ల తాతయ్య, "మా మనవరాలు ఏం చెప్పింది టీచర్?" అని అడిగారు. నెల రోజులు పాప నేర్చుకున్న మాటలను ఆయనకు నేను చెప్పాల్సి వచ్చింది. ఒకే మైకు ఇచ్చిన తప్పు నాదే. 9వ తరగతికి ధ్వని పాఠం చెప్పే నాకు అప్పుడు ఆ ఆలోచనే రాలేదు. అందుకే ఈ నెల కంప్రెసర్ గురించి రాస్తున్నాను. ఫ్రిజ్ వెనక ఉండేది కాదు, సౌండ్ మిక్సర్‌లో ఉండేది.

కంప్రెసర్ ఏం చేస్తుంది?

పెద్ద శబ్దాన్ని తగ్గిస్తుంది. చిన్న శబ్దాన్ని ముట్టుకోదు. అలా రెండింటి మధ్య తేడా తగ్గుతుంది. ఏ స్థాయి దాటితే తగ్గించాలో చెప్పే గీత పేరు థ్రెషోల్డ్. ఎంత తగ్గించాలో చెప్పేది రేషియో.

ఒక లెక్క చూద్దాం. బాబు గొంతు ఆ గీతకు 12 డెసిబెల్స్ పైన, పాప గొంతు 6 డెసిబెల్స్ కింద ఉన్నాయనుకోండి. తేడా 18. రేషియో 4:1 పెడితే, గీత దాటిన ప్రతి 4 డెసిబెల్స్‌కు 1 మాత్రమే బయటికి వస్తుంది. అంటే బాబు 12 కాస్తా 3 అవుతుంది. పాప గొంతు మారదు. ఇప్పుడు తేడా 9 మాత్రమే. తర్వాత మేకప్ గెయిన్ పెంచితే ఇద్దరి గొంతూ సమానంగా పైకి లేస్తుంది.

ఎంత త్వరగా తగ్గించాలో అటాక్, ఎంత త్వరగా వదిలేయాలో రిలీజ్ నిర్ణయిస్తాయి. వీటిని మిల్లీసెకన్లలో కొలుస్తారు.

స్టేజీ మీద జాగ్రత్తలు

పిల్లలు ఒకరి తర్వాత ఒకరు మాట్లాడితే పై లెక్క పనిచేస్తుంది. ఇద్దరూ ఒకే మైకులో ఒకేసారి మాట్లాడితే, బాబు అరిచినప్పుడల్లా పాప గొంతు కూడా తగ్గిపోతుంది. అందుకే ఎవరి మైకు వారికి, దేని కంప్రెసర్ దానికి ఉండాలి.

మేకప్ గెయిన్ మరీ పెంచితే స్పీకర్ శబ్దం మళ్లీ మైకులోకి దూరి "కుయ్‌ఁ" మంటుంది. మైకును పొట్ట దగ్గర పట్టుకునే పిల్లలను ఏ యంత్రమూ కాపాడలేదు. ఆరుబయట నోటికి, మైకుకు మధ్య దూరం రెట్టింపైతే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. కాబట్టి ఇంట్లో గరిటె ఇచ్చి అయినా, నోటికి నాలుగు వేళ్ల దూరంలో పట్టుకోవడం అలవాటు చేయించండి.

రికార్డింగ్‌లో వెసులుబాటు

స్టేజీ మీద మాట ఒకసారి బయటికి వెళ్తే అంతే. రికార్డింగ్‌లో అయితే మొదట మామూలుగా రికార్డు చేసుకుని, కంప్రెసర్ తర్వాత వేసి చూసుకోవచ్చు. బాగా లేకపోతే తీసేయవచ్చు. కానీ రికార్డు చేసేటప్పుడే శబ్దం ఎక్కువై గొంతు పగిలిపోతే, తర్వాత కంప్రెసర్ దాన్ని బాగుచేయలేదు.

ఈ ఆదివారం ఇలా చేసి చూడండి

కంప్యూటర్‌లో ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకోండి. మీ పాప లేదా బాబు చేత ఒక పద్యం చదివించి రికార్డు చేయండి. ఒక పాదం మెల్లగా, ఒక పాదం గట్టిగా చదవమనండి. రికార్డింగ్‌కు రెండు కాపీలు తీసి, ఒకదానికి 3:1, రెండోదానికి 10:1 రేషియోతో కంప్రెసర్ వేయండి. థ్రెషోల్డ్ గట్టిగా చదివిన పాదం కన్నా బాగా కిందికి ఉండాలి. అసలుదానితో కలిపి మూడూ వినిపించి, "ఏది బాగుంది? ఎందుకు?" అని అడగండి.

మొదటి కాపీలో ప్రతి మాటా స్పష్టంగా వినిపించవచ్చు. రెండోదానిలో హెచ్చుతగ్గులు పోయి పద్యం చప్పగా అనిపించవచ్చు. గొంతులోని హెచ్చుతగ్గులే కదా భావం! వాటిని పూర్తిగా చదును చేయకుండా, మాట వినిపించేంత వరకే కంప్రెసర్ వాడాలి.

ఈసారి రిహార్సల్‌లో ప్రతి బిడ్డ గొంతునూ చివరి వరుసలో కూర్చుని నేనే వింటాను. మైకు పట్టుకోవడం నేర్పే పని మాత్రం మీదే!

మీ సైన్స్ టీచర్