అడ్డంకుల పరుగు: అభ్యాసం ఎటునుంచి మొదలుపెట్టాలి?

పరుగు పందెం అనగానే మనకు గుర్తుకొచ్చేది సున్నం గీతలు, ఈల, పరుగెత్తే కాళ్లు. కాని ఎన్.సి.సి.లో చేరినవారికి ఇంకొక పరుగు తెలుసు. దూలం మీద నడవాలి, అడ్డుకర్ర దూకాలి, గేటు దాటాలి, వంకరటింకర దూలం మీద నిలదొక్కుకోవాలి, ఆరడుగుల గోడ ఎక్కి దిగాలి, జంట గుంతలు గెంతాలి, కుడిచేతి ఊతంతో ఒకసారి, ఎడమచేతి ఊతంతో ఒకసారి ఒళ్లు విసరాలి, ర్యాంపు మీంచి దూకాలి, చివర మళ్లీ దూలం. మొత్తం పది. ఢిల్లీలో జరిగే థల్ సైనిక్ క్యాంపులో ఇదొక పోటీ. అక్కడి దాకా పోవాలంటే కింద చాలా ఎంపికలు నెగ్గాలి. వచ్చే ఉభాల రోజుల్లో జరిగేదే నాకు మొదటి పోటీ, కేడెట్‌గా ఆఖరిదీ అదే. కనుక ఒడ్డున కూచుని ఈత నేర్పుతున్నాననుకోవద్దని మిత్రులకు మనవి.

కిందటేడు క్యాంపుకి ముందు నేను చేసిన అభ్యాసం ఒక్కటే: నాగావళి గట్టు వెంట రోజూ అయిదు కిలోమీటర్లు పరుగు. ఊపిరి బాగా నిలిచింది. తీరా క్యాంపులో గోడ దగ్గరకొచ్చేసరికి చేతులతో అంచు పట్టుకుని గబ్బిలంలా వేలాడాను. వెనకవాళ్లు దాటుకుపోయారు. "పరుగు బాగుందిరా, గోడే అడ్డొచ్చింది" అని తోటి కేడెట్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

తరవాత లైబ్రరీలో కూచుని చూస్తే దారులు చాలానే ఉన్నాయి. స్వీడన్‌లో గోస్టా హోల్మర్ 1930 దశకంలో ఫార్ట్‌లెక్ పద్ధతి పెట్టాడు. అనగా నేలను బట్టి, మనసును బట్టి ఒకసారి వేగంగా, ఒకసారి నెమ్మదిగా పరుగెత్తడం. ఇంగ్లండులో లీడ్స్ యూనివర్సిటీకి చెందిన మోర్గాన్, ఆడమ్సన్‌లు 1950 దశకంలో సర్క్యూట్ ట్రైనింగ్ తెచ్చారు: ఒక వ్యాయామం ముగియగానే ఇంకొకటి, చుట్టు తిరిగి మళ్లీ మొదటికి. అంతకుముందే ఫ్రెంచి నౌకాదళ అధికారి జార్జ్ ఎబేర్, పరుగు, దూకుడు, ఎక్కుడు, మోత, ఈత అన్నీ కలిపితేనే దేహదారుఢ్యం అన్నాడు. మా ఊళ్లో ఎవర్నడిగినా కోడి రామమూర్తి నాయుడి పేరు చెప్పి పాలు తాగమంటారు. అదీ ఒక పద్ధతే, కాదనను.

వీటిలో ఏది మనకు? ముందు పోటీ ఎంతసేపో చూడాలి. ఇది కొద్ది నిమిషాల్లో తేలిపోయే పని. కండరంలో నిలవ ఉన్న క్రియాటిన్ ఫాస్ఫేట్ మొదటి పది సెకన్ల పాటు ఆదుకుంటుంది. ఆ పైన ఆక్సిజన్ చాలకుండానే గ్లూకోజు విరుగుతుంది, లాక్టేటు పేరుకుంటుంది. నెమ్మదిగా అయిదు కిలోమీటర్లు పోయేవాడికి ఈ మంట పరిచయమే ఉండదు. నా సంగతి అదే.

గోడ సంగతి ఇంకా చిత్రం. నా బరువు 60 కిలోలు. గోడ దాటాలంటే గరిమనాభిని సుమారు ఒక మీటరు పైకి లేపాలి. ఇందుకు కావలసిన శక్తి 60 × 9.8 × 1, అంటే దాదాపు 590 జౌళ్లు. సెకనుకు 4.5 మీటర్ల వేగంతో వచ్చేవాడి గతిజశక్తి లెక్క కడితే 600 పైచిలుకు. అంటే పరుగులో ఉన్న శక్తే దాదాపు గోడకు సరిపడా ఉంది! అంతా పైకి మళ్లదనుకోండి, కొంత వృథా అవుతుంది. అయినా గోడను పాదంతో తన్ని, ఆ ఊపును పైకి తిప్పుకున్నవాడికి చేతుల మీద పడే భారం తగ్గుతుంది. నేను చేసిందేమిటి? భయపడి గోడ ముందు ఆగిపోయాను. ఆగినవాడికి మొత్తం 590 జౌళ్లూ చేతులే ఇవ్వాలి. ఫిజిక్సులో మంచి మార్కులొచ్చినా ఇది తట్టలేదు చూడండి.

కనుక నేను ఎంచుకున్నది సర్క్యూట్. వారానికి రెండు రోజులు: చింతకొమ్మకు వేలాడి పైకి లాక్కోవడం, పంట బోదె గెంతడం, గట్టు మీద పాదాలకేసి చూడకుండా పరుగు, మళ్లీ కొమ్మ. ఒక రోజు ఫార్ట్‌లెక్. ఒక రోజు ఒక్క గోడే, అలుపు రాకుండా, పద్ధతి కోసం. మొదటివారం మూడు చుట్లు, తరవాత నాలుగు. ఒక్కసారే పెంచకూడదు. మన ఆమదాలవలస ప్రాంతపు కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో ఎత్తిన 240 కిలోలు ఒక్కరోజు బరువు కావు గదా. ఎత్తునుంచి దూకిన మర్నాడూ ఎల్లుండీ వచ్చే ఒళ్లునొప్పికి కారణం లాక్టేటు కాదు, అది గంటసేపట్లోనే పోతుంది. సాగుతూ పనిచేసిన కండరంలో సన్నటి చిరుగులవి. వాటికి విశ్రాంతి కావాలి.

వచ్చిన చిక్కంతా ఆ విశ్రాంతి దగ్గరే. ఉభాలు వస్తే మా ఇంట్లో అందరూ మడిలోనే. ఇదివరకు ఒకసారి పొద్దున్నే పరుగెత్తి వచ్చి ఆకుకట్టలు మోయబోతే తూలాను. "ఏట్రా, ఎవడికోసం పరిగెట్టీసి వచ్చావు? బేగి కట్ట ఎత్తు" అన్నాడు నాన్న. అలిగాను. తరవాత ఆలోచిస్తే కట్ట మోయడం, బురదలో అడుగు తీయడం కూడా లెక్కలోకి రావలసిన పనే. ఇప్పుడు నా పట్టికలో ఉభాల రోజు ఎదర "సర్క్యూట్" అని రాసుకున్నాను, ఆరోజు వేరే పరుగు లేదు. నాన్నకు ఆ పట్టిక చూపించాను. చదివి, "అయితే నాను నలభై ఏళ్లుగా సర్క్యూటే చేస్తున్నానన్నమాట" అన్నాడు.

గోడ అభ్యాసం మాత్రం మా పశువులశాల గోడ మీదే. ఇప్పటికి పదిసార్లకు ఏడుసార్లు ఆగకుండా దాటుతున్నాను. పై వరస ఇటుకలు రెండు ఊడాయి. ఎంపికలయ్యాక నేనే పెట్టాలట.